మూడు దుర్గముల ఋణము

శ్రీకృష్ణదేవరాయలనగానే ఆంధ్రులకు భువనవిజయము, అష్టదిగ్గజములు, ఆముక్తమాల్యద జ్ఞప్తికి వచ్చును. ఆయన జైత్రయాత్రలను చెప్పవలసివచ్చినప్పుడు ఉదయగిరి, కొండవీడు, రాయచూరు అని బడిపిల్లలుకూడ వరుసగా ఒప్పగింతురు. కాని ఈ మూడు దుర్గములను రాయలు తనంత తాను ఎన్నుకొనలేదు. ఆయన సింహాసన మెక్కుటకు 18 సంవత్సరములకు ముందే, వేఱొక వంశమునకు చెందిన రాజు మరణశయ్యపై నుండి వానిని పేరుపేరున లెక్కించి, మిగిలిపోయిన పనిగా తన సేనాని చేతిలో పెట్టిపోయెను. ఆ సేనాని కృష్ణరాయల తండ్రి. తండ్రి కప్పగింపబడిన పని కుమారుని చేతిమీదుగా ముగియుటకు మొత్తము 29 ఏండ్లు పట్టెను.

ఈ వృత్తాంతమును మనకు తెలిపినవాడు ఫెర్నావో నూనిజ్. ఇతడు పోర్చుగీసు దేశీయుడు, గుఱ్ఱముల వర్తకుడు. అచ్యుతరాయలు రాజ్యము చేయుచుండిన 1535-37 ప్రాంతమున విజయనగరమున నివసించి, ఆ నగరపు రాజుల చరిత్రను విన్నంతవఱకు, చూచినంతవఱకు వ్రాసి యుంచెను. రాబర్టు స్యూయెల్ 1900లో దాని ఆంగ్లానువాదమును ప్రకటించిన పిమ్మట మనదేశపు పండితుల దృష్టి దానిపై ప్రసరించెను. నూనిజ్ సంవత్సరములను తాఱుమారు చేసెను. పేర్లను తన నాలుకకు తగినట్లు విఱిచెను. అయినను మరణశాసనముల విషయమున ఆయన వ్రాత మిక్కిలి విలువ గలది. ఏ రాజు పోవుచు ఎవరికి ఏమి అప్పగించెను, అప్పగింత పుచ్చుకొన్నవాడు పిదప ఏమి చేసెను అను సంగతిని అతడు శ్రద్ధతో గమనించెను. ఒకరి సొమ్ము మఱియొకరి చేతిలో నున్నప్పుడు కలుగు చిక్కులు వర్తకునకు తెలియనివి కావు.

సాళువ నరసింహుని అప్పగింత

సాళువ నరసింహుడు చంద్రగిరి ప్రభువు. సంగమవంశపు కడపటి రాజుల అసమర్థతచే విజయనగర రాజ్యము కూలిపోవుచుండగా 1485లో ఆయన సింహాసనమును స్వాధీనము చేసికొనెను. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతమునకు కృతిభర్త ఈయనయే. రాజ్యము దక్కినది గాని దాని పూర్వపు టెల్లలు దక్కలేదు. కపిలేశ్వర గజపతి కాలమునుండి ఓఢ్రులు కొండవీటిని ఆక్రమించి దక్షిణముగా జరుగుచుండిరి. నరసింహుడు ఉదయగిరికై పోరాడి, పురుషోత్తమ గజపతి చేతికి చిక్కి, ఆ దుర్గమును విడిచిపెట్టి విముక్తుడయ్యెను. ఉత్తరమున కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు బహమనీ సుల్తానుల వశమున నుండెను.

1491లో నరసింహునకు అవసానకాలము సమీపించెను. కుమారు లిద్దఱు, ఇద్దఱును చిన్నవారు. బంధువర్గములో నమ్మదగినవాడు కనబడకపోయెనో, కనబడినను బలము గలవాడు కాకపోయెనో, ఆయన తుళువ నరసనాయకుని పిలిపించెను. 1485లో విజయనగరపు కోటలో ప్రవేశించి సింహాసనమును నరసింహునికి సంపాదించిపెట్టిన సేనాని ఈ నరసనాయకుడే. రాజు అతనికి మూడు పనుల నప్పగించెను. మొదటిది రాజ్యరక్షణము. రెండవది బాలుర సంరక్షణము; పెరిగిన పిమ్మట వారిలో నెవ్వడు యోగ్యుడో చూచి వానికి రాజ్యము నొప్పగించుట. మూడవది, తనకు వ్యవధి చాలక గెలువలేకపోయిన రాయచూరు, ఉదయగిరి, కొండవీడు అను మూడు దుర్గములను సాధించుట.

నేటి మాటలలో చెప్పవలెనన్న ఇది వీలునామా. నరసనాయకుడు దాని నిర్వాహకుడు.

నిర్వాహకుని ధర్మము

వీలునామా యను మాట ఆంగ్లపదమునకు పారసీకపదము చేరగా నేర్పడినది. మన ధర్మశాస్త్రములలో ఆ పేరు గల పత్రము లేదు. అయినను దాని వెనుకనున్న భావము మనకు క్రొత్తది కాదు. తండ్రి చేసిన ఋణమును కుమారుడు తీర్పవలెననియు, తండ్రి ధర్మార్థము వాగ్దానము చేసి యీయక మరణించినచో దానిని కుమారు డీయవలెననియు స్మృతికారులు విధించిరి. ఒకడు నమ్మి దాచిన సొమ్మును దాచినది దాచినట్లు తిరిగి యీయకపోవుట దొంగతనముతో సమానమని చెప్పిరి.

1925నాటి భారత వారసత్వ చట్టములో నిర్వాహకుని విధులు వివరముగా చెప్పబడినవి. మృతుని ఆస్తి చట్టరీత్యా అతనికి సంక్రమించును. కాని అనుభవించుటకు గాదు. మొదట అంత్యక్రియల వ్యయము, తరువాత అప్పులు, ఆ పిమ్మట వీలునామాలో పేర్కొన్నవారికి పేర్కొన్నంత ఇచ్చుట. ఈ వరుస తప్పరాదు. న్యాయస్థానమువారి అనుమతిపత్రము పొందినవాడు ఆఱు నెలలలో ఆస్తి జాబితాను, సంవత్సరములో జమాఖర్చుల లెక్కను దాఖలు చేయవలెను. ఇష్టము లేనివాడు మొదటనే నిరాకరింపవచ్చును. ఈ భారమును ఎవరిమీదను బలవంతముగా మోపుటకు వీలులేదు. ఒకసారి చేయి పెట్టిన తరువాత మాత్రము తప్పుకొనుట సులభము కాదు. వీలునామాలో పేరు లేకుండనే మృతుని ఆస్తిలో తలదూర్చినవాడుకూడ, తాను ముట్టినంతమేఱకు నిర్వాహకునివలెనే జవాబుదారి యగును.

కావున నిర్వాహకుడు పేరునకు యజమాని, పనికి సేవకుడు. ఆస్తి అతని చేతిలో నుండును, అతనిది కాదు. ఈ రెంటి నడుమనున్న గీటు మిక్కిలి సన్నని గీటు. దానిని దాటుట దుర్మార్గులకు మాత్రమే కలుగు ఆపద కాదు. కార్యదక్షుడై, శ్రమించి, ఆస్తిని కాపాడినవానికే అది తనదను భ్రమ త్వరగా కలుగును. తుళువవంశపు మొదటి చరిత్ర యంతయు ఆ గీటును దాటిన చరిత్రయే.

పెనుగొండ బందీ

నరసనాయకుడు అప్పగింతను మొదట యథావిధిగానే నడపెను. సాళువ నరసింహుని పెద్దకుమారుని సింహాసనముపై కూర్చుండబెట్టెను. అచిరకాలముననే ఆ బాలుడు హతుడయ్యెను. నరసనాయకుని విరోధియైన సేనాని యొకడు, నింద అతనిపై బడునట్లు చేయుటకే ఈ హత్య చేయించెనని నూనిజ్ చెప్పును. అంత నరసనాయకుడు రెండవ కుమారుడగు ఇమ్మడి నరసింహుని రాజును చేసెను. క్రొత్తరాజు అన్నను చంపించినవానిని దండింపక చేరదీసెను. నరసనాయకుడు వేట నెపమున పెనుగొండకు పోయి, సైన్యమును కూర్చుకొని వచ్చి, రాజధానిని ముట్టడించెను. రాజు లొంగెను, ద్రోహి వధింపబడెను. కొంతకాలమునకు ఇమ్మడి నరసింహుడు పెనుగొండకు తరలింపబడి, గట్టి కావలిలో నుంచబడెను.

ఒక్కొక్క పనిని విడివిడిగా చూచినచో తప్పు పట్టుట కష్టము. హంతకుని దండించుట ధర్మమే. శత్రువుల నడుమనున్న బాలుని సురక్షితమైన దుర్గమున నుంచుట సంరక్షకుని విధియే. కాని ఈ పనులన్నియు ముగియునప్పటికి రాజు పెనుగొండలో నుండెను, రాజ్యము నరసనాయకుని చేతిలో నుండెను. రాజ్యరక్షణమను మొదటి పనిని అతడు లోపము లేకుండ నెఱవేర్చెను. దక్షిణమున కావేరీతీరమువఱకు తిరుగుబాట్ల నణచెను. తూర్పున గజపతుల దాడిని నిలువరించెను. రాయచూరు కొఱకు చేసిన ప్రయత్నము నిలువలేదు. నంది మల్లయ, ఘంట సింగయ లను జంటకవులు తమ వరాహపురాణమును అతనికే కృతి యిచ్చిరి. లెక్క చెప్పవలసిన రెండవ పద్దు మాత్రము అట్లే మిగిలిపోయెను. బాలుడు పెరిగి పెద్దవాడయ్యెను. ఒప్పగింతకు దినము రానేలేదు.

1503లో నరసనాయకుడు మరణించెను. సంరక్షకత్వము సొంత ఆస్తివలె పెద్దకుమారుడగు వీరనరసింహునికి సంక్రమించెను. 1505లో ఇమ్మడి నరసింహుడు పెనుగొండలో హత్య చేయబడెను. నూనిజ్ ఈ పాపమును నరసనాయకునికే అంటగట్టెను. శాసనముల కాలనిర్ణయమును పరిశీలించిన చరిత్రకారులు అది వీరనరసింహుని నాటి పనియని తేల్చిరి. ఎవరు చేయించినను ఫలిత మొక్కటే. సాళువవంశము ముగిసెను. ఎవరి కొఱకు రాజ్యమును కాపాడవలసియుండెనో వారే లేకుండ పోయిరి.

తిమ్మరుసు మీఱిన ఆజ్ఞ

వీరనరసింహుని పాలన నాలుగేండ్లు సాగెను. ఆ నాలుగేండ్లును తిరుగుబాట్లతోనే గడచెను. 1509లో ఆయన మరణశయ్యపై నుండగా జరిగినదని నూనిజ్ చెప్పిన కథ ఆంధ్రదేశమున ఎల్లరకు తెలిసినదే. తన యెనిమిదేండ్ల కుమారునికి రాజ్యము దక్కవలెనన్న కోరికతో, సవతితమ్ముడగు కృష్ణరాయల కన్నులు పెఱికించి తెచ్చి చూపుమని ఆయన మంత్రి సాళువ తిమ్మరుసు నాజ్ఞాపించెనట. తిమ్మరుసు కృష్ణరాయలను దాచి, మేకకన్నులను చూపి, రాజు గతించిన పిదప ఆయననే సింహాసన మెక్కించెనట. పెక్కుమంది చరిత్రకారులు ఈ కథను విశ్వసింపరు. అన్నదమ్ముల నడుమ అధికారము సామరస్యముగానే మాఱియుండునని వారి అభిప్రాయము.

కథ నిజమైనను కాకపోయినను అది యొక సందేహమును మన ముందుంచుచున్నది. మరణించువాని ప్రతి మాటయు శిరోధార్యమేనా? నిర్వాహకుడు మృతుని కోర్కెకు కట్టుబడినవాడేగాని అధర్మమునకు కట్టుబడినవాడు కాడు. చట్టవిరుద్ధమైన షరతును వీలునామాలో వ్రాసినంతమాత్రమున అది చెల్లదు. మేకకన్నులు చూపిన తిమ్మరుసును లోకము ద్రోహియని ఎన్నడును అనలేదు. ఆజ్ఞను మీఱినవాడు ఆ మీఱుటవలన తాను లాభపడెనా, మఱియొకని ప్రాణమును కాపాడెనా యని లోకము చూచును. పెనుగొండకును ఈ కథకును గల భేదము అదియే.

మూడు దుర్గములు

సింహాసన మెక్కిన తరువాత రాయలు ఏడాదిన్నర కాలము రాజధానిలోనే యుండి రాజ్యవ్యవహారములను, పూర్వరాజుల పత్రములను పరిశీలించెననియు, అందు సాళువ నరసింహుని మరణశాసనము ఆయన కంటబడెననియు నూనిజ్ వ్రాసెను. ఆ శాసనములో కృష్ణరాయల పేరు లేదు. దానిని వ్రాయించినవాడు ఆయన వంశీయుడు కాడు. నెఱవేర్పుమని అడుగుటకు వారసు డొక్కడును మిగిలి లేడు. అయినను రాయలు దానిని తన తండ్రి తీర్పని ఋణముగా గ్రహించెను. ఇందు రాజనీతియు లేకపోలేదు. కత్తితో వచ్చిన సింహాసనమునకు పూర్వరాజు కోర్కెను నెఱవేర్చిన గౌరవము అండగా నిలుచును. కారణ మేదైనను, పద్దు పుస్తకములో నిలిచిపోయిన అప్పును తీర్చుటకు ఆయన బయలుదేఱెను.

మొదటిది ఉదయగిరి. 34,000 కాల్బలముతో, 800 ఏనుగులతో రాయలు ఆ కొండకోటను చుట్టుముట్టెనని నూనిజ్ లెక్క. కోటకు పోవు త్రోవ మిక్కిలి ఇరుకు. రాయలు గుట్టలను పగులగొట్టించి, బండలను తొలగించి, క్రొత్త బాటలు వేయించెను. ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514 జూన్‌లో దుర్గము వశమయ్యెను. ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రౌతరాయడు బందీ యయ్యెను. రాయలు ఆ జూలైలో దేవేరులతో తిరుమల కేగి శ్రీనివాసునకు కనకాభిషేకము చేసెను. ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహమునకు విజయనగరమున ఆలయము కట్టించెను.

రెండవది కొండవీడు. అద్దంకి, వినుకొండ, బెల్లముకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము మున్నగు దుర్గములు ఒకదాని వెంట నొకటి స్వాధీనమయ్యెను. ఈ వరుసను పటముపై గుర్తించినచో పడమటి ప్రకాశ ప్రాంతపు ప్రాముఖ్యము బోధపడును. విజయనగరమునుండి తూర్పుతీరమునకు వచ్చు దారులలో నంద్యాల మీదుగా నల్లమలలోని నందికనుమను దాటు దారి యొకటి. కనుమ దాటినంతనే గిద్దలూరు, అచ్చటినుండి కంభము, మార్కాపురము, ఆపైన వినుకొండ. దక్షిణమున ఉదయగిరి, ఈశాన్యమున కొండవీడు శత్రువుల చేతిలో నున్నంతకాలము ఈ సీమ రెండు దవడల నడుమ చిక్కినట్లుండెను. సాళువ నరసింహుడు ఆ రెండు పేర్లను ఊరక చెప్పలేదు. 1515 జూన్ 23వ తేదీన కొండవీడు లొంగెను. గజపతి కుమారుడగు వీరభద్రుడు పట్టుబడెను. ఈ విజయమును మంగళగిరి శాసనము నేటికిని చాటుచున్నది. పిమ్మట రాయలు అమరావతిని, శ్రీశైలమును సేవించెను. మార్కాపురమునకు వాయవ్యమున దోర్నాలనుండి కొండనెక్కు బాటసారులు చేరుకొను ఆ శ్రీశైలమున, రథవీథిలో ఆయన మండపములు కట్టించెను.

ఇంతటితో ఆగక సైన్యము కృష్ణానదిని దాటి కొండపల్లిని, పొట్నూరును చేరెను. సింహాచలమున 1516, 1519 నాటి రాయల శాసనములు కలవు. గజపతి సంధి కోరెను. రాయలు కృష్ణకు ఉత్తరమున తాను గెలిచిన భూమి నంతటిని తిరిగి యిచ్చివేసెను. ఉదయగిరిని, కొండవీటిని మాత్రము ఉంచుకొనెను. చరిత్రకారులు దీనిని రాజనీతిగా వ్యాఖ్యానింతురు. అది యుక్తమే. మరణశాసనమును ప్రక్కన బెట్టుకొని చూచినచో మఱియొక సంగతి గోచరించును. శాసనములో నున్నది నిలిచెను. లేనిది వెనుకకు పోయెను.

మూడవది రాయచూరు. 1520 మే 19వ తేదీన కృష్ణకు దక్షిణతీరమున బిజాపురపు ఇస్మాయిల్ ఆదిల్‌షాతో ఘోరయుద్ధము జరిగెను. మొదటి గడియలలో శత్రువుల ఫిరంగులకు తాళలేక విజయనగర సేనలు వెనుదిరిగెను. రాయలు స్వయముగా గుఱ్ఱమెక్కి ముందునకు నడచి సైన్యమును మరలించెను. ఆదిల్‌షా నదిని దాటి పలాయితుడయ్యెను. తరువాత క్రిస్టోవావో డి ఫిగరేడో అను పోర్చుగీసువాని తుపాకీదళము గోడలపై నిలిచినవారిని పడగొట్టగా కోటలోనివారు లొంగిరి. సాళువ నరసింహుడు చెప్పిపోయిన మూడు పేర్లును అంతటితో తీఱిపోయెను.

కంభము

గజపతితో జరిగిన సంధికి గుర్తుగా ఆయన కుమార్తెను రాయలు వివాహమాడెను. ఈమె పేరు గ్రంథములలో పలువిధములుగా కనబడును. తుక్క యనియు, అన్నపూర్ణ యనియు, జగన్మోహిని యనియు చెప్పుదురు. ఆమె సోదరుడగు వీరభద్రుడు బందీగా విజయనగరమునకు వచ్చి, తనకంటె తక్కువ కులమువానితో కత్తిసాము చేయుమన్న అవమానమును సహింపలేక ప్రాణత్యాగము చేసెనని నూనిజ్ వ్రాసెను. సోదరుడు చనిపోయిన యింటికి ఆమె కోడలుగా వచ్చెను. ఆ దాంపత్యము పొసగలేదనియు, ఆమె కంభమున ఒంటరిగా కాలము గడపెననియు జనశ్రుతి. తుక్కాపంచకమను పేర సంస్కృతమున అయిదు శ్లోకములు ఆమె దుఃఖమునుండి పుట్టినవిగా ప్రచారములో నున్నవి.

కంభము చెఱువును కట్టించినది వరదరాజమ్మ యను గజపతుల ఆడుపడుచు, రాయల దేవి యని ఆ ప్రాంతపు ఐతిహ్యము. తుక్కయు, వరదరాజమ్మయు ఒక్కరే యని కొందఱు, వేఱువేఱని కొందఱు తలంతురు. చెఱువును గూర్చి మాత్రము అభిప్రాయభేదము లేదు. గుండ్లకమ్మ రెండు కొండల నడుమనుండి వెలువడు ఇఱుకుచోటున సుమారు 57 అడుగుల ఎత్తున కట్ట వేసి నదిని ఆపిరి. కట్ట చిన్నది, దాని వెనుక నిలుచు నీరు మైళ్లకొలది వ్యాపించును. దానిక్రింద సాగునకు వచ్చు భూమి 10,000 ఎకరములకు పైబడినదని కర్నూలు జిల్లానాటి లెక్కలు. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువఱకు కంభము, గిద్దలూరు, మార్కాపురము కర్నూలు జిల్లాలోనివే. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ఈ చెఱువును వారసత్వ కట్టడముగా గుర్తించిరి.

మన పెద్దలు చెప్పిన సప్తసంతానములలో పుత్రుడెట్టివాడో చెఱువు నట్టిదే. కన్నబిడ్డ కలుగని స్త్రీ చెఱువు త్రవ్వించి దానినే సంతానముగా భావించుట ఈ దేశమున పాతమాట. ఇట్టి దానమునకు నిర్వాహకుని పేరు వ్రాయవలసిన పని లేదు. ఏటేట కట్టకు మన్నువేసి, తూము సరిచేసి, నీటి వంతును తప్పక విడిచిన రైతులే దానికి నిర్వాహకులు. మూడు దుర్గములలో నేడు కాపురమున్న రాజు లేడు. వర్షము కురిసిన యేట కంభము చెఱువు మాత్రము పొలములకు నీ రిచ్చును.

రాయల అప్పగింత

ఒకరి మరణశాసనమును తీర్చిన రాయలు తన అప్పగింత విషయమున అంత అదృష్టవంతుడు కాలేదు. తిరుమలదేవికి పుట్టిన కుమారునికి 1524లో, ఆఱేండ్ల ప్రాయముననే, పట్టము కట్టెను. తాను బ్రదికియుండగనే ఒప్పగింత ముగించినచో పెనుగొండ కథ మరల జరుగదని ఆయన తలంచియుండును. ఎనిమిది నెలలకే బాలుడు మరణించెను. తిమ్మరుసు కుమారుడు విషము పెట్టించెనని రాయలు నమ్మి, తిమ్మరుసును, అతని వారిని చెఱలో వేయించి, కన్నులు తీయించెనని నూనిజ్ వ్రాసెను. తన కన్నులను కాపాడినవాడని పేరుపొందిన మంత్రికి రాయలు విధించిన శిక్ష ఇది. నేరము నిజమో కాదో నేటికిని తేలలేదు. విచారణ లేని అనుమానము నమ్మకము గల సేవకునికూడ మ్రింగివేయునని మాత్రము తేలినది.

1529లో రాయలు జబ్బుపడెను. తుమకూరు ప్రాంతమునందలి హొన్నేనహళ్లిలో 2021లో బయల్పడిన కన్నడ శాసనమువలన ఆయన అక్టోబరు 17వ తేదీన దివంగతుడైనట్లు తెలిసెను. అప్పటికి మిగిలిన కుమారుడు ఏడాదిన్నర పసివాడు. పసివానికి పట్టము కట్టి సేనాని చేతిలో పెట్టుట యెట్టిదో ఆ వంశమువానికంటె నెవరికి బాగుగ తెలియును? రాయలు తన మరణశాసనమున కన్నకుమారుని కాదని, తానే రాజ్యారంభమున చంద్రగిరిలో కావలిలో నుంచిన సోదరుడగు అచ్యుతుని రాజుగా నిర్ణయించెను. సాళువ వీరనరసింహుడను చెల్లప్ప అప్పుడు ప్రధాని. అల్లుడగు రామరాయలు పసివాని పక్షము వహించెను. పసివానిని ముందు పెట్టుకొని రాజ్యము నేలుటకు అది మంచి అవకాశము.

చెల్లప్ప ఆ అవకాశమును తా నుపయోగించుకొనలేదు, ఇతరుల నుపయోగించుకొననీయలేదు. అచ్యుతుడు చంద్రగిరినుండి వచ్చువఱకు సింహాసనమును కాపాడి, వచ్చినవానికి ఒప్పగించెను. అచ్యుతుడు తిరుమలలోను, శ్రీకాళహస్తిలోను, విజయనగరములోను పట్టాభిషిక్తుడయ్యెను. కొలది ఏండ్లకు చెల్లప్ప రాజుతో విరోధించి దక్షిణమున తిరుగుబాటు చేసి ఓడిపోయెను. ఆ తప్పు వేఱు లెక్కలోనిది. నిర్వాహకుడుగా మాత్రము అతడు పుచ్చుకొన్నది పుచ్చుకొన్నట్లు అప్పగించెను. చరిత్రలో అతని పేరు తలచుకొనువారు తక్కువ. సింహాసనము నాక్రమించినవారిని లోకము జ్ఞాపకముంచుకొనును. దానిని కాపాడి తిరిగి యిచ్చినవానిని మఱచిపోవును.

తరువాత జరిగినది

అచ్యుతరాయలు 1542లో మరణింపగా ఆయన బాలకుమారుని మేనమామ సలకము తిరుమలరాజు సంరక్షకుడై, ఆ బాలునే చంపించెను. అతనిని తొలగించిన అళియ రామరాయలు సదాశివుని రాజును చేసి, పిదప కావలిలో నుంచి, తానే పాలించెను. మార్కాపురము చెన్నకేశవాలయమున సదాశివరాయల కాలపు దానశాసనములు కలవు. దానములు ఆయన పేర సాగెను. అధికారము ఆయన చేతిలో లేదు. 1491లో పెనుగొండదారిని పట్టిన కథ అక్కడికి వచ్చెను. 1565లో రక్కసి తంగడి యుద్ధముతో ఆ రాజధానియే నేలమట్టమయ్యెను.

ఈ చరిత్ర నంతటిని చూచినచో మరణశాసనమునకు బలము దాని మాటలలో లేదనియు, దానిని చేపట్టినవాని నడతలో నున్నదనియు తెలియును. సాళువ నరసింహుడు లోపము లేని అప్పగింత చేసెను. సమర్థుని ఎన్నుకొనెను, పనులను లెక్కించి చెప్పెను. కాని సామర్థ్యము నొక్కదానినే చూచెను. అడ్డు చెప్పువాడు, లెక్క అడుగువాడు మఱియొకడు లేకుండ రాజ్యమును, బిడ్డలను ఒక్కని చేతిలోనే పెట్టెను. అదియే అతని వంశమునకు మృత్యువయ్యెను.

కృష్ణరాయలు మూడు దుర్గముల ఋణమును వడ్డీతో తీర్చెను. ఆ ఘనత ఆయనది, ఎవ్వరును కాదనజాలరు. కాని సాళువ నరసింహుడు అప్పగించినవాటిలో అవి మూడవ పద్దు మాత్రమే. రెండవ పద్దులో ఇద్దఱు బాలు రుండిరి. వారిని తిరిగి యిచ్చుట ఎంతటి జైత్రయాత్రకును సాధ్యము కాలేదు. ఆ లెక్క తుళువవంశపు పుస్తకములో తీఱకయే మిగిలిపోయెను.